జపాన్ కత్తి, వంజరం తల

కూర మాడబెట్టినవాళ్లుంటారు, ఉప్పు రెండుసార్లు వేసినవాళ్లుంటారు. మొట్టమొదటిసారి ఇంటికి భోజనానికొచ్చిన మామగారికి చేపల పులుసులో ఉక్కు ముక్క వేసి పెట్టబోయిన ఘనుణ్ని మాత్రం నేనొక్కణ్నే. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

మా సుశీలది విడవలూరు వైపు సముద్రం మీద బతికే కుటుంబం. మాది వెంకటాచలం, వరి పండించుకునేవాళ్లం. చేపను కంచంలో తప్ప చూడనివాణ్ని కూతురు ప్రేమించి చేసుకుందని మామగారికి కోపం. పెళ్లయ్యాక మా గడప తొక్కలేదు. అలాంటి మనిషి ఒకరోజు ఫోన్ చేసి, "ఆదివారం అన్నానికొస్తన్నా" అన్నాడు. నా చేత్తో పులుసు వండిపెట్టి ఆయన మనసు గెలవాలని తీర్మానించుకున్నాను. దానికి మంచి కత్తి కావాలి కదా!

కత్తిపీట లేదా అంటారేమో. దాని ముందు కూర్చోవడానికి నా మోకాళ్లు ఒప్పుకోవు. అందుకని వీడియోలు చూసి చూసి కత్తుల పండితుణ్నైపోయాను. జర్మనీ కత్తి బరువు, మందం. ఉక్కు కాస్త మెత్తన కాబట్టి దెబ్బ తగిలితే అంచు వంగుతుందే గాని ఊడదు. జపాన్ కత్తి పలచన, ఉక్కు గట్టిది. పదును చాలాకాలం నిలుస్తుంది, కానీ ఎముక తగిలితే పెచ్చు లేస్తుంది. ఇదంతా నాకు కంఠతా వచ్చు. వచ్చి కూడా జపాన్‌దే తెప్పించాను.

"పెట్టె మీద ఎముక బొమ్మేసి కొట్టేసినారు, చూసినావా?" అంది సుశీల.

"జపానోళ్లు చేపలు తినరా? చేపలు తినే దేశం కత్తి చేప తలకాయకు భయపడుతుందా?"

"తలకాయ కూడా దీంతోనే కొడతారని నీకెవురు చెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. ఆ తెలివి పూర్తిగా నా సొంతం.

ఆదివారం వంజరం చేప కొన్నాను. ముక్కలు బజారులోనే కొట్టించి, తల మాత్రం "ఇంట్లో జపాన్ కత్తుందిలే" అని గొప్పగా అలాగే తెచ్చాను. ఉల్లిపాయలు, టమాటాలు ఆ కత్తికి కాగితాల్లా తెగుతుంటే నా ఛాతీ పొంగిపోయింది. ఆ పొంగులోనే తల మీద ఒక్క వేటు వేశాను. టక్కుమంది. రెండు చెక్కలనూ ఉడుకుతున్న పులుసులో వేసి, కత్తి కడుగుతూ చూద్దును కదా, అంచులో గోరు కొరికినట్టు చిన్న గంటు! ఊడిన ముక్క తరిగే పలక మీద లేదు, సింకులో లేదు, నేల మీద లేదు. సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది.

"మామయ్యా, ఈ పూటకి పప్పు తిందామా?" అన్నాను, వాకిట్లోనే.

"పులుసు వాసన వీధి చివరికొస్తంటే పప్పేందయ్యా?"

చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే ముక్క ఆయన గొంతులో దిగుతుంది. కత్తి చూపించేశాను. ఆయన కత్తిని చూశాడు, గిన్నెను చూశాడు, నన్ను చూశాడు. ఇక సుశీలను పుట్టింటికి తీసుకుపోతాడనే అనుకున్నాను.

ఆయన స్టవ్ ఆపి, ఫ్రిజ్ తలుపుకున్న ప్లాస్టిక్ చిలకను పీకి, దాని వీపునున్న అయస్కాంతాన్ని కత్తికి ఆనించాడు. టప్పున అతుక్కుంది. శుభ్రంగా కడిగి, దారం కట్టి నా చేతికిచ్చాడు.

"దించు. ఊపబాక, అడుగుదాకా పోనీ."

దారం వేలికి చుట్టుకుని చిలకను పులుసులోకి దించాను.

"తొందరపడబాక... ఆ, ఇప్పుడు నిదానంగా లాగు అల్లుడా!"

అల్లుడా! ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. దారం చివర ఉక్కు ముక్క తళతళలాడుతూ పైకొచ్చింది. కత్తి గంటులో పెట్టి చూస్తే అతికినట్టు సరిపోయింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉల్లిపాయలని చెప్పాను.

ఆయన కడుపునిండా తిని, తల చెక్క ఒకటి నా కంచంలో వేసి, అక్కడే అత్తమ్మకు ఫోన్ కలిపాడు. "మనమంతా సముద్రంలో గాలమేసినోళ్లమే. పులుసులో గాలమేసి పట్టింది మన అల్లుడొక్కడే!" సాయంత్రానికి ఊరంతా పాకింది. ఇప్పటికీ అక్కడికి వెళ్తే "పులుసులో ఏం పడింది అన్నా?" అని పలకరిస్తారు. ఆ పలకరింపు కోసం ఇంకో కత్తి విరగ్గొట్టుకోమన్నా సిద్ధమే.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికుండగా జపాన్ కత్తితో చేప తల ముట్టను, జర్మనీ కత్తితోనూ ముట్టను. మా ఇంట్లో తలకాయ చీల్చే పని ఎప్పటికీ మామగారిదే. దాని కోసం ప్రతి ఆదివారం ఆయన రావలసిందే.