తోకక్క మోకాలు

కొండ కింది శిబిరంలో ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ తోకక్కే. తొమ్మిదో తరగతి పిల్లలు పరీక్షల బెంగా బడి గోడలూ వదిలి అక్కడికి వారం పాటు నడవడానికి వస్తారు. వరసకు ముందు దారి చూపే కోచ్, చివర ఈవిడ. ఆవిడ వెనక ఒక్క పిల్ల కూడా మిగలకూడదన్నది అక్కడి కట్టుబాటు. ఎవరు ఆగినా తోకక్క ఆగాల్సిందే.

"ముందు నడిస్తే కొండ కనిపిస్తుంది, వెనక నడిస్తే పిల్లలు కనిపిస్తారు," అనేది. ఎవరు ఏడుపు దిగమింగుతున్నారో వీపు చూసి పట్టేసేది. తనకు పిల్లలు కలగలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే, "నాకు ఏటా బస్సులకొద్దీ దిగుతారు," అని నవ్వేసేది.

ఈ ఏడు మోకాలు మొండికేసింది. శిబిరం బస్సు నడిపే భర్త నూనె రాస్తూ గొణిగేవాడు.

"శిబిరం పెద్దసారుకు చెప్పెయ్యరాదూ?"

"చెబితే ఆఫీసు కుర్చీలో కూలేస్తారు. పిల్లల వెనక నడవకపోతే నేనెందుకు పనికొస్తానయ్యా?"

"బ్రేకులు పోతే నేను దాచుకుని బండి నడుపుతానా?"

"నీ డొక్కు బస్సు కంటే నా కాలే నయం, పోవయ్యా!"

పెద్ద కొండ ఎక్కే రోజు దేవుణ్ణి తలుచుకుని కర్ర పట్టుకుంది. సగం దారికే ఆవిడకు చిరాకెత్తింది. నాలుగడుగులు వేస్తే చాలు, ఎవరో ఒకరు వంగి బూటు లేసు కట్టుకుంటున్నారు. ఒకడు లేస్తే ఇంకొకడు.

"ఏమర్రా, ముడి వెయ్యడం కూడా రాదా? ఇలా అయితే తెల్లారినట్టే!"

"కొత్త లేసులక్కా, జారిపోతున్నాయి."

తిడుతూనే రాతిమీద కూలబడేది.

ఇంతలో ఒక పిల్ల ఆగింది. వచ్చినప్పట్నించి ఎవరితోనూ మాట కలపలేదు. కాస్త కనిపెట్టుకుని ఉండమని వాళ్ళ టీచరు ప్రత్యేకంగా అప్పగించిన పిల్ల. వంగి బూటు మీద శ్రద్ధగా వేళ్ళు ఆడిస్తోంది. తోకక్క తొంగి చూస్తే, ఆ బూట్లకు లేసులే లేవు.

"ఏం కడుతున్నావే తల్లీ, గాలినా?"

ముందున్నవాళ్ళు గొల్లుమన్నారు. ఒకడు తల బాదుకున్నాడు. "దీనికి వంతు ఇవ్వొద్దని చెప్పానా!"

"నా వంతు నాదే," అంది పిల్ల. అక్కడికొచ్చాక అదే మొదటి మాట. "అక్కకు కాలు నొప్పి. మనం ఆగితేనే అక్క కూచుంటుంది."

పిల్లల వీపులు తానే చదువుతున్నానని తోకక్క అనుకుంది. వాళ్ళు వెనక్కి తిరగకుండానే ఆవిడ అడుగులు చదివేశారు. దేవుడు సాయం ఎవరి చేత పంపుతాడో మనకు ముందుగా చెప్పడు. అరచేత్తో కళ్ళు తుడుచుకుని, "పదండి, దొంగ వెధవల్లారా," అంది.

కిందికి దిగాక తిన్నగా పెద్దసారు గదికి వెళ్ళి ఉన్నదంతా చెప్పేసింది.

"రేపట్నించి కొండ మీకొద్దు," అన్నాడాయన.

"ఆఫీసు కుర్చీయా సారూ?"

"మిమ్మల్ని కూచోబెడితే ఫైళ్ళకు కూడా కబుర్లు చెబుతారు. వద్దు. కొండ కింద వాగు ఒడ్డున ఉండండి. నడవలేనివాళ్ళు, నడవబుద్ధి కానివాళ్ళు ప్రతిసారీ ఉంటారు. వాళ్ళ పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదమ్మా."

మర్నాడు వరస కొండ వైపు సాగింది, చివర కొత్త టీచరమ్మతో. తోకక్క వాగు ఒడ్డున బిక్కమొహం వేసుకుని చూస్తూ కూర్చుంది. మలుపు దగ్గర ఆ మాటల్లేని పిల్ల టీచరమ్మను ఏదో అడిగి, వెనక్కొచ్చి పక్కన చతికిలబడింది.

"అక్కా, మా ఇంట్లో..." అని మొదలుపెట్టింది పిల్ల.

తోకక్క కాలు చాపుకుని, ఆమె వైపు జరిగింది.