తలుపు కనిపించే కుర్చీ

మూడు ఉత్తరాలు రాశాను. తెనాలిలోని ప్రభుత్వాసుపత్రి నుంచి ఒక్కదానికీ జవాబు రాలేదు. నేను అడిగింది అక్కడి కౌన్సెలింగ్ మేడమ్ గురించి.

రేపల్లె దారిలో నేనున్న బస్సు కాలువలో పడిన తర్వాత మళ్లీ బస్సు ఎక్కలేకపోయాను. బాపట్లలో మొదట చూసిన డాక్టరు కళ్లు మూయించి, ప్రమాదమంతా చెప్పమన్నాడు. నేను మధ్యలోనే కళ్లు తెరిచేస్తే, "మగవాడివి, ఇంత భయమేంటయ్యా?" అన్నాడు. ఆ మాట మరిచిపోను.

తెనాలి మేడమ్ మాత్రం నేను వెళ్లిన ప్రతిసారీ లేచి, "ఎక్కడ కూర్చుంటారు బాబాయిగారూ?" అనేవారు. తలుపు కనిపించే కుర్చీ ఆవిడదే. నేను దాన్నే చూపిస్తే ఇచ్చేసి, తాను స్టూలు మీద కూర్చునేవారు. నా అంతట నేను చెప్పేదాకా ప్రమాదం ఊసెత్తలేదు. ఒక వారం బస్టాండులో నిలబెట్టారు. మరో వారం ఆగి ఉన్న బస్సులో కూర్చోబెట్టారు. తర్వాత వేమూరు దాకా నా పక్కనే కూర్చుని వచ్చారు.

"వచ్చే వారం భట్టిప్రోలు దాకా వెళ్దామండి" అన్నారావిడ. "దిగుదామంటే దిగిపోదాం."

"దిగనంటే?"

"రేపల్లె వెళ్లి మీ అక్కయ్యగారిని చూసొద్దాం" అని నవ్వారు.

మా అక్క మంచం పట్టి ఏడాదైంది. నేనింకా చూడలేదు.

తర్వాతి వారం ఆ గది నిండా అట్టపెట్టెలు. ఆ కుర్చీ మీద కూడా. "ఆ పోస్టు తీసేశారండి" అన్నాడు గుమాస్తా, తలెత్తకుండా.

ఇప్పుడు వేమూరు దాకా ఒక్కణ్ణే వెళ్లి, దిగి, వెనక్కి వస్తున్నాను. అక్కడి నుంచి రేపల్లె దాకా నా పక్కన ఎవరు కూర్చుంటారు? ఈ నాలుగో ఉత్తరానికైనా ఆసుపత్రి సూపరింటెండెంటు గారు సంతకం పెట్టి జవాబివ్వాలి.