గుంటలు పూడ్చిన యూనివర్సిటీ

మొన్న గన్నవరం వైపు బస్సులో వెళుతుంటే, రోడ్డు పక్కన కొత్త అద్దాల భవనం మీద నైపుణ్య విశ్వవిద్యాలయం అని బారెడు అక్షరాలు కనిపించాయి. ఎంత బాగుందో చూడమంది మనవరాలు. నాకు మాత్రం నోరంతా చేదైపోయింది. విశ్వవిద్యాలయం అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మంట. ఎందుకో డెబ్బైల్లో బెజవాడలో చదువుకున్న మీబోటివాళ్లకు చెబితే తెలుస్తుంది.

మాది నేతపని చేసుకునే కుటుంబం. హైస్కూలు చదువయ్యాక, గుణదల వైపున్న చేతిపనుల టీచర్ల ట్రైనింగు స్కూల్లో నేత విభాగంలో చేరాను. పెద్ద రేకుల షెడ్డు, అందులో వరసగా గుంట మగ్గాలు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించుకుని కూర్చుని నేయాలన్నమాట. అక్కడి పరీక్ష పద్ధతి ఇప్పటివాళ్లకు వింతగా ఉంటుంది. మేం ఎంత బాగా నేసినా మార్కులు రావు. మగ్గం మొహం చూడని మనిషినెవరినైనా తీసుకొచ్చి, ఏడాదంతా నేర్పి, పరీక్షనాడు ఆ మనిషి తువ్వాలు నేస్తుంటే మేం చేతులు కట్టుకుని పక్కన నిలబడాలి. తువ్వాలు బాగుంటే మేం పాసు. నేసినవాళ్లకు చేనేత సంఘం వారు మగ్గం ఇచ్చేవారు.

నేను తీసుకెళ్లింది మా వీధిలో చేపలమ్మే పిన్నిని. చుట్టం కాదు, వరస కలుపుకున్నాం, అంతే. గంప మోసి మోసి మెడ పట్టేసి పాపం నిద్ర కూడా పోలేకపోయేది. మగ్గం దొరికిందంటే ఆ గంప దింపేస్తానని ఆవిడ ఆశ. మొదట్లో ఆవిడ అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడె విసిరితే పక్క మగ్గంలో పడేది, పోగు తెగినప్పుడల్లా మగ్గాన్నీ నన్నూ కలిపి తిట్టేది. అయినా రోజూ చేపలు అమ్ముడవగానే చేతులు శీకాయతో రుద్ది కడుక్కుని వచ్చి కూర్చునేది.

పరీక్షలు దగ్గరపడ్డాయనగా మా స్కూలుకు యూనివర్సిటీ హోదా వచ్చింది. ఇక చూడాలి సంబరం! మాస్టార్లు ప్రొఫెసర్లయ్యారు, ప్రిన్సిపాల్ గారు ఆ బెజవాడ ఎండల్లో కోటు తొడిగారు. ఉత్సవానికి కుర్చీలు వేయాలంటే షెడ్డు నేల చదునుగా ఉండాలట. "యూనివర్సిటీ అయ్యాక కూడా గోతుల్లో కాళ్లు పెట్టుక్కూర్చుంటామా అమ్మా?" అన్నారాయన, ఏదో కంపు తగిలినట్టు మొహం పెట్టి. గుంటలన్నీ రాళ్లూ మట్టీ పోసి పూడ్చి పైన సిమెంటు మెత్తేశారు. మగ్గాల మీద సగం నేసినవాటిని కత్తెరతో పరపరా కోసి మూల పడేశారు. ఛీ ఛీ! పెళ్లివారొస్తున్నారని పొయ్యి పగలగొట్టుకున్న ఇంటిని ఎక్కడైనా చూశారా?

పరీక్షనాటికి పక్క గదిలో మగ్గాలు బిగిస్తామని నమ్మబలికారు. నేనూ పిన్నికి అదే చెప్పాను. తీరా వెళితే మగ్గం లేదు, మన్నూ లేదు. నల్లబల్ల మీద మగ్గం బొమ్మ గీసి, భాగాల పేర్లు ఇంగ్లీషులో చెబితే చాలన్నారు. ఉతికిన చీర కట్టుకొచ్చిన పిన్ని ఆ సిమెంటు నేల వంక ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసింది. రోజూ నన్ను అమ్మాయ్ అని పిలిచే మనిషి, పెద్దవాళ్ల ముందు నా మర్యాద కాపాడాలని కాబోలు, "నేనెక్కడ కూర్చోవాలండీ టీచరుగారూ?" అంది. ఈవిడెవరు, బయట కూర్చోబెట్టండి అన్నాడు పరీక్ష చేయడానికొచ్చిన పెద్దమనిషి.

నాకు ఫస్టు క్లాసు వచ్చింది. తువ్వాలు చూపించనిదే సంఘం వారు మగ్గం ఇవ్వరు గనుక పిన్నికి ఏమీ రాలేదు. ప్రిన్సిపాల్ గారితో పోట్లాడితే, కొత్త రూల్సులో అలాంటివేం లేవన్నారు. నేనే ఆ మూల కుప్పలో వెతికి, ఆవిడ నేసిన ఎర్రంచు సగం తువ్వాలు తెచ్చి ఇచ్చాను.

ఇప్పుడు ఎటు చూసినా హోదాలే. నేర్చుకున్నవాళ్ల చేతులు చూసి నేర్పినవాళ్లకు మార్కులు వేసే చోటు ఒక్కటి మిగిలి ఉంటే చెప్పండి, ఈ వయసులోనైనా వెళ్లి దణ్ణం పెట్టుకుని వస్తాను. నాకు మాత్రం బస్సులో ఉన్నంతసేపూ ఆ తువ్వాలు తెచ్చిచ్చిన మర్నాటి ఉదయమే కళ్లముందు మెదిలింది. చేపలోయ్ అన్న కేక విని వీధిలోకి వచ్చాను. పిన్ని తలమీద ఎప్పటి గంపే. దాని కింద చుట్టకుదురుగా చుట్టి ఉంది ఆ ఎర్రంచు తువ్వాలు.

"మెత్తగా ఉందమ్మాయ్," అంది, "బాగానే నేర్పావు."