సెల్లార్ గది తలుపు

పద్మారావు నగర్‌లోని ఆ నాలుగంతస్తుల అపార్టుమెంటులో మరిడమ్మను ఆటపట్టించనివాళ్ళు లేరు. టీవీలో వాయుగుండం అన్న మాట వినబడితే చాలు, బిందెలన్నీ నింపుకుని, బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కించేది. "ఏందమ్మా, సముద్రం సికింద్రాబాద్ దాకా వస్తదా?" అని మొదటి అంతస్తు విమలమ్మ నవ్వేది. "నవ్వండమ్మగారూ. గాలి దెబ్బ తిన్నోలికే తెలుస్తాది" అనేది మరిడమ్మ.

వాచ్‌మన్ కన్నారావు భార్య ఆమె. పాయకరావుపేట దగ్గర సముద్రపొడ్డు పల్లె. చిన్నప్పుడు తుఫాను వాళ్ళ తాటాకిల్లు ఎత్తుకుపోతే, ఊరు ఊరంతా బడి గదిలో దూరి బతికింది. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, బల్లలు అడ్డంపెట్టి, గాలి అలిసిపోయేదాకా ఎవరూ గడియ తియ్యలేదు. పక్కా గోడలు దొరికితే లోపల దూరాలి, తలుపు తియ్యకూడదు. ఆ పాఠం ఆమె ఒంట్లో ఇంకిపోయింది. అందుకే సెల్లార్‌లో లిఫ్టు గుంట పక్కన ఇచ్చిన సిమెంటు గదిని చూసి మురిసిపోయింది. వెలుతురు లేదు, గాలాడదు అని ఎవరైనా అంటే ఆమెకి ఎక్కడలేని కోపం వచ్చేది. కప్పు ఎగిరిపోని ఇల్లు దొరకడమే ఆమెకి పదివేలు.

పక్షవాతంతో మంచం పట్టిన అత్త కాంతమణి కూడా ఆ గదిలోనే ఉండేది. అత్తాకోడళ్ళు మాటామాటా అనుకోని రోజు లేదు. అలాగని అత్తకి కలిపి పెట్టకుండా కోడలు ముద్ద ముట్టిన రోజూ లేదు.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. వీధుల్లో నీళ్ళు చేరుతున్నాయని సబ్‌స్టేషన్‌లోనే కరెంటు తీసేశారు. జనరేటర్‌లో డీజిల్ అయిపోతే కన్నారావు డబ్బా పుచ్చుకుని కార్ఖానా పెట్రోలు బంకు వైపు వెళ్ళాడు. ఆ తర్వాత బస్సులూ ఆటోలూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. ఇంటి నుంచే ఆఫీసు పని చేసేవాళ్ళూ, ఫోన్‌లోనే డబ్బు పుచ్చుకునే కిరాణా కొట్టాయనా చేతులు ముడుచుకుని వాన వంక చూస్తూ కూర్చున్నారు. ఇంత పెద్ద నగరాన్ని ఆపడానికి ఒక్క పూట వాన చాలింది, చెప్పుకుంటే సిగ్గుచేటు.

మరిడమ్మ మాత్రం తనకి తెలిసిన పని తాను చేసింది. గాలి రొద వినగానే గదిలోకొచ్చి, ఇనపరేకు తలుపుకి గడియ పెట్టి, కింది సందులో పాత చీరలు మెలిపెట్టి అట్లకాడతో కుక్కింది. "ఇంక బెంగలేదత్తా" అంది. ఆమెకేం తెలుసు పాపం. ఇక్కడ ఆపద గాలిలో రాదు, పొంగిన నాలాలోంచి పల్లానికి దిగుతుంది. ఆ నీళ్ళు ర్యాంపు దిగివచ్చి మోటారునూ జనరేటర్‌నూ ముంచి, ఆమె తలుపుకు ఆనుకుని నిలబడ్డాయి.

రేకు అంచుల్లోంచి నీళ్ళు చిమ్మడం మొదలయ్యాక గడియ తీసింది. బయటికి తెరుచుకునే తలుపది. భుజం ఆనించి తోసింది. గోడను తోసినట్టే ఉంది. గొంతు చించుకుని అరిచింది.

కారు చూసుకుందామని నడుంలోతు నీళ్ళలో దిగిన రాఘవేందర్‌కు ఆ కేక వినబడింది. ఆయన అపార్టుమెంటు సంఘం కార్యదర్శి. ఈదినంత పనిచేసి వచ్చి తలుపు లాగాడు. రాలేదు.

"లోపట ఎన్ని నీళ్ళున్నయమ్మా?"

"పాదాలు తడిసినన్నే బాబూ. చీరలు కుక్కీసినాను."

"అవి గుంజెయ్యి. నీళ్ళు లోపటికి రానియ్యి."

"ఏటి బాబూ మీరంటన్నది?"

"బయట నీళ్ళు తలుపును నొక్కుతున్నయి. లోపట సుత నిండితేనే కదులుతది. జెర నా మాట విను."

మరిడమ్మకి ఒళ్ళు మండింది, అంతలోనే ఏడుపొచ్చింది. లేవలేని మనిషిని పక్కన పెట్టుకుని చేజేతులా నీళ్ళను పిలవడమా? ఆ మంచం చూస్తే మోకాలెత్తు లేదు. తలుపు రాకపోతే ఇద్దరికీ అదే ఆఖరు.

"ఏటంటన్నాడే?" అంది కాంతమణి. కోడలు చెప్పింది. ముసలామె పక్షవాతం తగలని కుడిచెయ్యి చాపింది. "నన్ను కూకోబెట్టు. ఆనక లాగు" అంది.

బొంతలు దన్ను పెట్టి అత్తను కూర్చోబెట్టి, మరిడమ్మ చీర కొస పట్టి లాగింది. నీళ్ళు విసురుగా వచ్చి కాళ్ళు లాగేశాయి. మోకాళ్ళు మునిగాయి, మంచం మునిగింది. అత్త కుడిచేత్తో ఆమె జుట్టు పట్టుకుంది. ఆ నొప్పికి పడ్డంత సంతోషం మరిడమ్మ జన్మలో పడలేదు, మనిషి ఉందని తెలుస్తోంది గనుక. బయటినుంచి రాఘవేందర్ లాగుతుంటే లోపల్నుంచి ఆమె తోసింది. నీళ్ళు నడుందాకా వచ్చాక తలుపు మెల్లగా కదిలింది. ఇద్దరూ కలిసి ముసలామెను విమలమ్మ ఇంటికి మోసుకెళ్ళారు. ఆ రోజునుంచి విమలమ్మ నవ్వడం మానేసి, తన హాల్లోనే వాళ్ళకి చోటిచ్చింది. చీకటి పడే వేళకి కన్నారావు నడుచుకుంటూ వచ్చి, జరిగింది విని గడపలోనే కూలబడ్డాడు.

లిఫ్టు లేక, నల్లాల్లో నీళ్ళు లేక అపార్టుమెంటు అల్లాడింది. సంఘం కూర్చుని, గేటు పక్కన ఎత్తుగా దిమ్మె కట్టి, రేకులు కప్పి, మోటారునూ జనరేటర్‌నూ అక్కడికి మార్చాలని తీర్మానించింది. "ఇంక పరేషాన్ లేదు, అన్నీ మీదికొస్తయి" అన్నాడు రాఘవేందర్.

టీ అందిస్తున్న మరిడమ్మ చెయ్యి ఆగింది. "మరి మేమో బాబూ?"

"గది మంచిగ చేయిస్తమమ్మా. లోపటికి తెరిచే కొత్త తలుపు పెట్టిస్తం." ఎవరూ తలెత్తలేదు.

దిమ్మె ఆరింది. బాగుచేసిన జనరేటర్‌ను మనుషులు మోసుకొచ్చేసరికి దిమ్మె మీద మంచం వేసి ఉంది. మంచం మీద కాంతమణి, పక్కన మరిడమ్మ. ఏందమ్మా ఇది అని రాఘవేందర్ అడిగాడు.

"జనరేటర్ తడిస్తే బాగుచేస్తారు బాబూ. దాన్నే కిందకి అంపీండి" అంది మరిడమ్మ.

రాఘవేందర్ ఆమె వంకా, ముసలామె వంకా చూశాడు. మోసుకొచ్చిన మనుషులను ఆగమని చెయ్యి చూపించాడు.