ఎవరూ అడగని హద్దులు

తయిసియా కుజ్మినిచ్నా గురించి ఎవరు మాట్లాడినా ఆమె ఓర్పుతో మొదలుపెడతారు. ఓర్పు ఆమెకు లేదు. ఉన్నది మొండితనం. సైబీరియాలోని పరిశోధనల పట్టణం అకాడెమ్‌గొరొదోక్‌లో, ప్రోగ్రాంలను యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌ను తయారుచేసే మా బృందంలో, ఇరవై రెండేళ్లు ఒకే పని చేసింది: ప్రోగ్రాంలోని ప్రతి సంఖ్యా ఎంత నుంచి ఎంత లోపు ఉండగలదో ముందే తేల్చడం. వంద గళ్ల పెట్టె ఉందనుకోండి. సంఖ్య సున్నాకీ తొంభై తొమ్మిదికీ మధ్యే ఉంటుందని రుజువైతే, గడి దాటిందా అని యంత్రం ప్రతిసారీ తడుముకోనక్కర్లేదు. ఆ హద్దులు తేల్చే భాగమంతా ఆమె రాసిందే.

చిక్కల్లా వేగంతోనే. పెద్ద ప్రోగ్రాం తయారవడానికి పన్నెండు నిమిషాలు పడితే, అందులో పదకొండు ఆమె భాగానివే.

"కుజ్మినిచ్నా అల్లిక మొదలెట్టింది, టీకి కేటిల్ పెట్టండర్రా!" అనేవాళ్లం.

మా అధిపతి కేషాకు ముప్పై ఒక్కేళ్లు. ఒకప్పుడు ఆమె దగ్గరే పాఠాలు నేర్చుకున్నాడు. సోమవారం అందరి ముందూ అన్నాడు:

"తయిసియా కుజ్మినిచ్నా, శుక్రవారానికి మీ పదకొండు నిమిషాలు ఒక్క నిమిషం కావాలి. కాకపోతే ఆ భాగం తీసేస్తాం."

"దాంతో పాటు నా కుర్చీ కూడానా?"

"మీరే చెప్పండి, ఆ కుర్చీకి వేరే పనేముంది?"

ఎవరో నవ్వారు. నేనే.

నాలుగు రోజులు ఆమె తెర ముందే కూర్చుని, డబ్బాలో తెచ్చుకున్న గ్రేచ్కా గింజల అన్నం చల్లగానే తింది. చివరికి జాడ దొరికింది. ఎవరికి కావాలో చూడకుండా ప్రతి సంఖ్యకూ ప్రతి మలుపు దగ్గరా హద్దులు లెక్కగట్టి దాచడమే జాప్యం. కంపైలర్‌లోని మిగతా భాగాలు వచ్చి అడిగితేనే, అడిగినంత మేరకే లెక్కగట్టేలా తిరగరాసింది. మాలో ఒక్కరికీ తట్టని ఆలోచన అది.

శుక్రవారం మధ్యాహ్నం నడిపింది. తెరమీద ఆమె భాగానికి ఎదురుగా సున్నా సెకన్లు. చప్పట్లు కొట్టాం.

ఆ సున్నా ఆమెకు నచ్చలేదు. ఎన్ని ప్రశ్నలు వచ్చాయో లెక్కపెట్టే కోడ్ వరుస ఒకటి చేర్చి మళ్లీ నడిపింది. అదీ సున్నాయే.

"కేషా, ఎవరూ అడగడం లేదేమిటి?"

"అడగడం మానేసి రెండేళ్లయింది. గళ్ల తనిఖీ నేను తిరగరాశాను కదా, ఉజ్జాయింపు లెక్క అందులోనే పెట్టేశాను. మోటుదే, కానీ సరిపోతోంది."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదా."

మళ్లీ నవ్వు. ఈసారి నేను కాదు, అంతే తేడా. రెండేళ్ల కిందట కేషా చేసిన ఆ మార్పును చూసి సరేనన్న నలుగురిలో నేనొకణ్ని. ఆమె మనసు నొప్పించకూడదనే ఊరుకున్నామని తర్వాత చెప్పుకున్నాం. అబద్ధం. ఆ పదకొండు నిమిషాల టీ మాకు ఇష్టం.

"సున్నా కంటే వేగం ఎలాగూ కుదరదు. మీ చేత్తోనే తీసేయండి," అన్నాడు కేషా.

ఆమె ఏడవలేదు. పద్నాలుగు వేల వరుసలు తీసేసి, పరీక్షలు నడిపి, తెర ముందు కదలకుండా కూర్చుంది. ఒక్కటైనా తప్పుతుందేమోనని చూస్తోందని మా అందరికీ తెలుసు. తొమ్మిది వేల పరీక్షలు. అన్నీ నెగ్గినట్టు తెరమీద ఆకుపచ్చగా వచ్చాయి.

అలవాటుకొద్దీ ఎవరో పెట్టిన కేటిల్ ఇంకా మరగనే లేదు.