ముసుగువాడు పరుగెత్తడెందుకు

మా మేనత్త మొన్న మంగళవారం నంద్యాలలో కన్నుమూసింది. పక్కింటామె ఫోన్ చేసేసరికి నేను ప్యాపిలిలో పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతున్నాను. "నిద్రలోనే పోయిందమ్మా. కష్టపడల్యా" అందామె. కష్టపడలేదన్నందుకు ముందు ఊరట కలిగింది. ఏడుపు బస్సులో కూర్చున్నాక వచ్చింది.

అత్త చాలా ఏళ్లు నంద్యాలలో ఒక సినిమా హాల్లో ఆడవాళ్ల గేటు దగ్గర టికెట్లు చింపింది. ఆట మొదలయ్యాక గోడకానుకుని, తెరను వదిలి జనాన్ని చూసేది. ఎవరు కొంగు నోట్లో కుక్కుకున్నారో, ఎవరు పక్కవాళ్ల చెయ్యి పట్టుకున్నారో, సెలవులకు నేను తన దగ్గరికి వెళ్తే ఇంటికొచ్చి చెప్పేది. దయ్యాల సినిమాలకు నవ్వేది. ముసుగేసుకుని, కత్తితో ఒక్కొక్కరినే చంపుకుంటూ వచ్చే మనిషి సినిమాలకు మాత్రం నవ్వేది కాదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అలాంటి డబ్బింగు సినిమా వస్తే, మ్యాట్నీకి తనే తీసుకెళ్లి కూర్చోబెట్టింది. తెర మీద అమ్మాయి పడుతూ లేస్తూ పరుగెత్తుతోంది. వెనక ముసుగువాడు తాపీగా నడుస్తున్నాడు. ఆట వదిలాక సోడా బండి దగ్గర అడిగాను: "వాడు పరిగెత్తడేంది అత్తా?"

"వానికి పరిగెత్తే పనేముంది పాపా? ఆ పిల్ల యాడికీ పోలేదని తెలుసు. నిదానంగా వస్తాండాడు సూడు, భయం దానికి. కత్తికి గాదు."

సోడా సగం తాగి మళ్లీ అంది: "మొదట్లోనే చెప్పింది గదా ఆ పిల్ల, కిటికీ కాడ ఎవురో నిలబడినారని. ఒక్కరన్నా నమ్మినారా? నాకు భయమైంది ఆడనే."

అత్త ఒక్కతే ఎందుకు ఉంటోందో అప్పటికి నాకెవరూ చెప్పలేదు. పెద్దయ్యాక అమ్మ చెప్పింది.

అత్తను ఆళ్లగడ్డలో ఇచ్చారు. ఊరంతా మంచివాడనే మనిషి. మా ఇంటికొస్తే నాకు బిస్కెట్లు తెచ్చేవాడు. తలుపులు మూశాక అతను ఏం చేసేవాడో అత్త వచ్చి చెప్పింది, వీపు మీది వాతలు చూపించింది. "అంత మంచోడు ఊరికే కొడతాడా? సర్దుకోని పో" అన్నాడు మా నాయన. రెండుసార్లు తనే వెంట వెళ్లి ఆళ్లగడ్డ బస్సెక్కించాడు.

మూడోసారి అత్త మా ఇంటికి రాలేదు. నంద్యాల బస్టాండులో దిగి, నేరుగా సినిమా హాలుకు నడిచి, పని అడిగింది. కొన్నాళ్లకు అతను గేటు దగ్గరికే వచ్చి ఇంటికి నడవమన్నాడు. అత్త వెనక ఆడవాళ్ల వరుస నిలబడి ఉంది. "ఇది ఆడోళ్ల గేటు. అవతలికి పోప్పా" అంది అత్త, చేతిలో టికెట్టు చింపుతూనే. వరుసలో వాళ్లంతా అతన్నే చూస్తున్నారు. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

అంత్యక్రియలు అయ్యాక నాయన వరండాలో కూర్చున్నాడు. ఎనభై దాటిన మనిషి. నీళ్లిస్తే గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. "రెండుసార్లు చెప్పింది పాపా. నేనే నమ్మల్యా" అన్నాడు. ఆ మాట ఆమె బతికుండగా ఎప్పుడైనా అన్నాడో లేదో నేను అడగలేకపోయాను.

నేను అత్తను చివరిసారి చూసింది పోయిన నెలలో. ఆ మధ్యాహ్నం టీవీలో పాత ముసుగువాడి సినిమా ఒకటి పెట్టమంది. చివర తెల్లవారుతుంది. బతికి బయటపడ్డ ఒక్క అమ్మాయి, ముఖమంతా మట్టి, రోడ్డు పక్కన కూర్చుని ఉంటుంది. పేర్లు పడబోతుంటే ఆపమంది. బొమ్మ నిలిచిపోయింది.

"ఇంటికి పోయినాక ఈ పిల్లను అన్నం తిన్యావా అని ఎవురన్నా అడిగింటారా?"

అత్త మెల్లగా లేచి టీవీ దాకా వెళ్లింది. తెర మీద దుమ్ము పట్టి ఉంది. కొంగు చేతికి చుట్టుకుని, ఆ పిల్ల ముఖం ఉన్నంత మేర తుడుస్తూ నిలబడింది.