ద్వాళి అడిగిన సలహా

కోదాడ బస్టాండు వెనక మేడమీద, టేపురికార్డరు పెట్టి నడిపే ఇంగ్లీషు క్లాసుకు తండా నుంచి వచ్చేది ద్వాళి ఒక్కతే. అక్కడ గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటుంది. ఇంటికి పోయినంక మాత్రం ఆమె నోరు ఆగదు. చేలో పడ్డ బర్రెను "యూ షుడ్ నాట్ గో దేర్" అని బతిమాలుతుంది. "అది తెలుగు చెప్తేనే వినదు, ఇంగ్లీషు వింటదా?" అని తల్లి సుక్కి నవ్వుతుంది.

ఆ రోజు పాఠం, స్నేహితులకు సలహా చెప్పడం. ఒకరు కష్టం చెప్పాలి, ఇంకొకరు సలహా ఇవ్వాలి. సారు ద్వాళిని అహల్యతో జతచేశాడు. మొన్నటిదాకా ఇద్దరిదీ ఒకే బెంచీ. అహల్య ఇంటికి చాయ్‌కి పోయినప్పుడు, వాళ్లమ్మ ద్వాళికి మాత్రం గూట్లోంచి వేరే గ్లాసు తీసింది. అప్పట్నుంచి మాటల్లేవు. అందరూ పుస్తకంలోని కష్టాలే చదివారు. ద్వాళి పుస్తకం మూసింది. "మై ఫ్రెండ్స్ మదర్ గేవ్ మీ ఏ సెపరేట్ గ్లాస్. మై ఫ్రెండ్ కెప్ట్ క్వయట్. వాట్ షుడ్ ఐ డూ?" తెలుగులోనూ, ఇంట్లో మాట్లాడే లంబాడీలోనూ గొంతు దాటని మాట పరాయి భాషలో తడబడకుండా వచ్చింది.

అహల్య కూడా పుస్తకం మూసింది. "అమ్మకు భయపడ్డనే," అంది. "ఇంగ్లీషులో చెప్పాలి," అన్నాడు సారు. అహల్య వినిపించుకోలేదు. "ఆదివారం మీ ఇంట్ల తింట. మీ తండాకు బస్సు ఎప్పుడుంటది?"

"పొద్దుగాల ఒక్కటే," అంది ద్వాళి. "లేస్తవా నువ్వు?"